తీసేసిన మూడు వాక్యాలు

మార్చి 3, మంగళవారం

పెద్ద కప్పు గుర్రప్పందేనికి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఇవాళ్టి నుంచి రోజూ కాస్త రాసుకుందామని ఈ నోటుపుస్తకం తీశాను. ఇది ఎవరికీ చూపించేది కాదు. పగలంతా పేపరాఫీసులో పరాయివాళ్ల తప్పులు దిద్దే ప్రూఫ్‌రీడర్‌ని, నా మాటలు నేను రాసుకోవడం వింతగానే ఉంది.

నాన్న కంటి డాక్టరు ఇవాళ తేల్చేశాడు. ఎడమ కన్ను పోయి రెండేళ్లయింది. కుడి కంటికి ఇక వెలుతురూ నీడా తప్ప ఏమీ అందవట. బయటికి వచ్చాక నాన్న నా భుజం పట్టుకుని నడుస్తూ ఒకటే మాట అన్నాడు.

"ఈ సంగతి మనిద్దరి మధ్యనే ఉండనీ అమ్మడూ."

గుర్రప్పందేల పేజీలో నాన్న కాలమ్ ముప్పై ఒక్క ఏళ్లుగా వస్తోంది. ఏ గుర్రం ఎందుకు గెలుస్తుందో, ఏది ఎందుకు వెనకబడుతుందో రాస్తాడు. ఊళ్లో సగం మందికి ఆయన పేరు తెలియదు, "రేసు మాస్టారు" అంటేనే తెలుస్తుంది. ఇప్పుడు ఆ కాలమ్ మా ముందు గదిలో ఎలా తయారవుతోందో ఎడిటర్‌కి తప్ప బయట ఎవరికీ తెలియదు. రేసు పుస్తకం నేను చదువుతాను. గుర్రం వయసు, మోయాల్సిన బరువు, గడిచిన అయిదు పందేల్లో ఎన్నోదిగా వచ్చింది, చివరి మూడు ఫర్లాంగులు ఎంతసేపట్లో పరుగెత్తింది. నాన్న పడక్కుర్చీలో కళ్లు మూసుకుని వింటాడు. "ఆ మూడోది మళ్లీ చదువు" అంటాడు. తర్వాత చెప్పుకుంటూ పోతే నేను రాస్తాను. కామా ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాడు.

మార్చి 5, గురువారం

ఎడిటర్ పిలిచాడు. తలుపు వేసి రమ్మన్నాడంటేనే అర్థమైంది.

"మీ నాన్నగారంటే నాకు గౌరవం లేక కాదమ్మా. ఆయన చేతుల్లో పని నేర్చుకున్నవాణ్ణే. కానీ వరసగా ఏడు వారాలు, ఆయన మొదట రాసిన గుర్రం ఒక్కటీ గెలవలేదు. పైగా ఎవరూ చూడని గుర్రాన్ని పట్టుకుంటాడు. పాఠకులు నవ్వుతున్నారు."

"కళ్లు బాలేనప్పటి నుంచి..."

"అదే నేనూ అంటున్నా. పెద్ద కప్పు దాకా చూస్తా. అది కూడా తప్పిందంటే సగౌరవంగా ఆపేద్దాం. ఆయనతో నువ్వే చెప్పాలి. నా వల్ల కాదు."

ఇంటికొచ్చాక నాన్న అడిగాడు, "ఎడిటర్ ఏమంటున్నాడు?"

"నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు" అన్నాను.

మార్చి 8, ఆదివారం

మొన్న శుక్రవారం చిన్న పని ఒకటి చేశాను. నిన్నటి నాలుగో పందేనికి నాన్న చెప్పిన వరసలో మొదటిదాన్ని రెండో చోటా, రెండోదాన్ని మొదటి చోటా రాశాను. నేను మొదట పెట్టినదే గెలిచింది.

రేడియోలో ఫలితం విని నాన్న తొడ మీద చరుచుకున్నాడు. "చూశావా, రెండోదైనా మనం రాసిందేగా." ఇవాళ పొద్దున మందుల షాపాయన మెట్ల మీద ఎదురుపడి, "మాస్టారూ, భలే కొట్టించారు" అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది. పైకి వచ్చాక, "మంచివాడు, రెండోదాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు" అన్నాడు.

ఇందులో పెద్ద తప్పేమీ లేదు. మాటలన్నీ నాన్నవే. ప్రూఫులో తలకిందులైన రెండు లైన్లు సరిచేయడం లాంటిదే.

ఎడిటర్ మెసేజ్ పెట్టాడు: "ఇలా రాయమను."

మార్చి 11, బుధవారం

తెల్లవారుజామున మైదానానికి తీసుకెళ్లమని నాన్న పట్టుబట్టాడు. పెద్ద కప్పుకు ముందు గుర్రాల కసరత్తు చూడకుండా ఏ ఏడూ రాయలేదట. "చూడకుండా" అని తనే అని, తనే నవ్వాడు.

మంచు ఇంకా విడలేదు. కంచె దగ్గర నాన్నను నిలబెట్టాను. పిట్ట మమ్మల్ని దూరం నుంచే పోల్చుకుని వచ్చాడు. మనిషి అంత తేలిగ్గా ఉంటాడని ఆ పేరు పెట్టింది నాన్నే. పదహారేళ్లకు జాకీ పని నేర్చుకోవడానికి వచ్చినప్పుడు ఆదివారాలు మా ఇంట్లో తినేవాడు. ఇప్పుడు ముప్పై రెండేళ్లు, పెద్ద కప్పులో అందరూ గెలుస్తుందంటున్న తుమ్మెద మీద ఎక్కేది వాడే.

"మాస్టారూ, ఈసారి నా గుర్రాన్నే మొదట రాయాలి. లేకపోతే మీ ఇంట్లో భోజనం బంద్" అన్నాడు.

"నువ్వు ముందు దాన్ని తిన్నగా తోలు. రాయడం సంగతి నేను చూసుకుంటా" అన్నాడు నాన్న.

"అక్కా, మీ నాన్నకి కొంచెం చెప్పు" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. నాన్న కళ్ల సంగతి వాడికి కూడా తెలియదు. వాడున్నంతసేపూ నాన్న వాడి గొంతు వచ్చే వైపే మొహం తిప్పి ఉంచాడు.

తుమ్మెద మా ముందు నుంచి దూసుకుపోయింది. నల్లగా, చెమటతో మెరుస్తూ. నాన్న ముందుకు వంగి కంచె మీద రెండు చేతులూ పెట్టాడు. కాసేపటికి దాన్ని నెమ్మది పరుగులో వెనక్కి తెచ్చారు.

"ఇది తుమ్మెదేనా?"

"అవును."

"ఎడమ ముందుకాలు చూడు. ఆ అడుగు పొట్టిగా పడుతోంది. అది నేల మీద ఆనినప్పుడల్లా తల పైకి లేపుతోందా?"

నేను చూశాను.

"లేదు నాన్నా. బాగానే ఉంది."

"సరిగ్గా చూడు."

"చూశాను. బాగానే ఉంది."

నాన్న ఆ గుర్రం దూరంగా పోయేదాకా వింటూనే ఉన్నాడు. "మూడు గట్టిగా, ఒకటి మెత్తగా" అన్నాడు. నేను విసుక్కున్నాను. అంత నమ్మకంగా ఉంటే ట్రైనర్ దగ్గరికే వెళ్లి చెబుదాం పద అన్నాను. అక్కడే, ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు ఆయన.

"వెళ్తే ఏం చూశావని అడుగుతాడు. ఏమని చెప్పను?" అన్నాడు నాన్న. కొంచెం ఆగి, "కాలమ్‌లో రాద్దాం. నేను రాస్తే కనీసం డాక్టర్ని పిలిపించి చూపిస్తాడు" అన్నాడు.

తల ఊపిందంతే. గుర్రాలు తల ఊపుతూనే ఉంటాయి.

మార్చి 13, శుక్రవారం

పెద్ద కప్పు కాలమ్ ఇవాళ ఇచ్చేశాను.

పొద్దున నాన్న రెండు గంటలు చెప్పాడు. పదకొండు గుర్రాలు. ఒక్కోదానికి ఎంత బరువు, లోపలి వరసా బయటి వరసా, మెత్తటి నేల మీద ఏది నిలుస్తుంది, చివరి మలుపులో దేనికి ఊపిరి చాలదు. ఎన్నో నెలల తర్వాత అంత బాగా చెప్పాడు. చిన్నదొర అనే ఎర్ర గుర్రాన్ని మొదట పెట్టమన్నాడు. అప్పుడు తుమ్మెద దగ్గరికి వచ్చాడు. నేను రాసిన కాగితం ఇప్పుడు నా ముందే ఉంది, అందుకే మాట పొల్లుపోకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"తుమ్మెద ఎడమ ముందుకాలు నేల మీద పూర్తిగా ఆనడం లేదు. పందేనికి ముందు డాక్టరు దాన్ని మరొక్కసారి పరీక్షించాలి. నేనే ట్రైనర్నయితే శనివారం ఆ గుర్రాన్ని దించను."

మూడు వాక్యాలు.

ఆఫీసుకు వెళ్లాక గంటసేపు కాగితం సంచిలోనే ఉంచాను. దేశంలో గుర్రాల సంగతి తెలిసిన ప్రతివాడూ తుమ్మెద పేరే చెబుతున్నాడు. దాని డాక్టరు బాగుందన్నాడు, ట్రైనర్ బాగుందన్నాడు, గడియారం బాగుందంటోంది. కళ్లు లేని ఒక ముసలాయన బాగాలేదంటున్నాడు. ఇది అచ్చయితే సోమవారం ఎడిటర్ ఏమంటాడో నాకు తెలుసు. కాలమ్ లేకపోతే నాన్న ఆ పడక్కుర్చీలో ఏం చేస్తాడు? నాకు చెప్పండి ఎవరైనా.

ఎర్ర పెన్నుతో మూడు వాక్యాలకూ అడ్డంగా గీత కొట్టి, పక్కన తీసేయమనే గుర్తు వేశాను. వాటి చోట రాశాను: "తుమ్మెద మంచి ఊపు మీదుంది. దానికి ఎదురు లేదు." దాన్ని మొదటి వరసలో పెట్టి చిన్నదొరను రెండోది చేశాను.

ఎడిటర్ చదివి, "ఇప్పటికి దారిలోకి వచ్చాడు" అన్నాడు.

ఇదంతా నాన్న కోసమే.

మార్చి 14, శనివారం, పొద్దున

కాఫీ తాగుతూ కాలమ్ చదివి వినిపించమన్నాడు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, అందులో లేని మూడు వాక్యాలు చదివాను. "ఆ 'మరొక్కసారి' అనే మాట బాగా కుదిరింది" అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

మూడున్నరకు పందెం మొదలైంది. రేడియో బల్ల మీద, నాన్న పడక్కుర్చీలో. గుర్రాల పేర్లు చదువుతుంటే తుమ్మెద పేరు వచ్చింది.

"దించారా?" అన్నాడు నాన్న.

నేను రేడియో గొంతు కాస్త పెంచాను.

"డాక్టర్ని పిలిపించి ఉంటారు. చూసి బాగుందని ఉంటాడు. సరే, నాదే పొరపాటై ఉంటుంది. పొరపాటైతే మంచిదే" అన్నాడు.

చివరి మలుపు దాకా తుమ్మెదే ముందుంది. వ్యాఖ్యాత గొంతు పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి తెగిపోయింది. తర్వాత, తుమ్మెద పడిపోయింది, జాకీ కింద పడ్డాడు, వెనకాల వచ్చే గుర్రం ఒకటి వాడి మీదుగా పోయింది అన్నాడు. చిన్నదొర గెలిచింది. అది ఎవరికి కావాలి?

మైదానంలో తుమ్మెద చుట్టూ గుడ్డ తెరలు కట్టారని చెప్పాడు వ్యాఖ్యాత. అంటే ఏం చేస్తున్నారో నాన్నకూ తెలుసు, నాకూ తెలుసు. ఎడమ ముందుకాలు విరిగింది. అలాంటి గుర్రాన్ని బతకనివ్వరు.

"పిట్ట సంగతి కనుక్కో" అన్నాడు నాన్న.

మార్చి 15, ఆదివారం

ఎడమ కాలు ఆనినప్పుడల్లా తల పైకి లేపింది. నాలుగుసార్లు. నేను చూశాను.

మార్చి 16, సోమవారం

పిట్టకు తుంటి ఎముక మూడు చోట్ల విరిగింది. వెన్నుకు దెబ్బ తగల్లేదు. నడుస్తాడట, గుర్రం మాత్రం ఇక ఎక్కలేడట. వాళ్లావిడ ఫోన్లో ఏడవకుండా, లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది.

నాన్న ఫోను నా దగ్గరే పెట్టుకున్నాను. పొద్దుటి నుంచి పద్నాలుగు కాల్స్ వచ్చాయి. "మాస్టారు కూడా బోల్తా పడ్డారే" అని పలకరించేవాళ్లే అందరూ. నాన్న పడుకున్నాడని చెప్పాను పద్నాలుగుసార్లూ.

నాన్న పడుకోలేదు. కిటికీ దగ్గర కూర్చుని అదే మాట.

"నేను రాశానుగా అమ్మడూ. అంత స్పష్టంగా రాశాను. ఒక్కడూ చదవలేదా?"

నేను వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పాను.

మార్చి 17, మంగళవారం

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను.

మార్చి 18, బుధవారం

చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆసుపత్రికి వెళ్లి తీరాలన్నాడు. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అన్నాను. చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇక తప్పలేదు.

మూడో అంతస్తు, ఆరు మంచాల గది. పిట్టది కిటికీ వైపు మంచం. నడుం చుట్టూ ఇనప చట్రం. పొట్టివాడు, ఇంకా పొట్టిగా కనిపించాడు. వాళ్లావిడ లేచి స్టూలు జరిపింది. నాన్న తడుముకుంటూ కూర్చోవడం పిట్ట చూశాడు. నా వైపు చూశాడు. నేను కళ్లు దించుకున్నాను.

నాన్న వాడి చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"ఎందుకెక్కావురా? ఆ పొద్దున పేపరు చూడలేదా?"

"చూడకపోవడమేంటి మాస్టారూ? చూసే ఎక్కాను." పిట్ట గొంతు బాగా నీరసంగా ఉంది. "గురువారం నాకే అనుమానం వచ్చింది. కింద ఏదో తేడాగా ఉంది. ట్రైనర్‌కి చెబితే నీకు భయమన్నాడు. శనివారం పొద్దున మాస్టారు ఏం రాస్తారో చూద్దాం అనుకున్నా. మీ కంటికి ఆనకుండా ఉండదు కదా. తీరా చూస్తే మంచి ఊపు మీదుంది, దానికి ఎదురు లేదు అని రాశారు. ఇంక అనుమానమెందుకని ఎక్కేశా."

గదిలో ఎవరో దగ్గుతున్నారు. నాన్న మొహం నా వైపు తిరగలేదు. నేను నిలబడ్డ చోటు ఆయనకు తెలుసు. నా మాట వినిపించకపోయినా నేనెక్కడున్నానో ఆయనకు ఎప్పుడూ తెలుసు. అయినా తిరగలేదు.

"అవును" అన్నాడు. "అలాగే రాశాను. తప్పు రాశాను రా."

"ఛ, మీరేం చేస్తారు మాస్టారూ? అందరూ అదే అన్నారు."

"అందరూ వేరు, నేను వేరు. నువ్వు నన్ను నమ్మావు."

పిట్ట వాళ్లావిడ ఏడుపు మొదలుపెట్టింది, అప్పుడు మొదటిసారి. నాన్న వాడి చెయ్యి వదల్లేదు. నేను అక్కడే నిలబడ్డాను. ఒక్క మాట అనాల్సింది. ఇది రాస్తూ కూడా ఆ మాట ఏదై ఉండేదో వెతుక్కుంటున్నాను. వెతకాల్సిన పనేముంది? నేనే తీసేశాను అంటే సరిపోయేది.

దారంతా నాన్న నా భుజం మీద చెయ్యి వేయలేదు. గోడ పట్టుకుని నడిచాడు.

మార్చి 19, గురువారం

నాన్న తిన్నాడు. పళ్లెం తనే కడిగాడు.

మార్చి 20, శుక్రవారం

"శనివారం పేపరు ఉందా?" అన్నాడు.

"ఉంది."

"చదువు. ఉన్నది ఉన్నట్టు."

చదివాను. తుమ్మెద దగ్గరికి వచ్చేసరికి పేపరు దించేశాను. ఆగాడు. మళ్లీ చదివాను. మొత్తం అయ్యాక అడిగాడు, "ఆ రోజు కంచె దగ్గర నీకు కనపడిందా?"

"కనపడింది."

"తల లేపిందా?"

"లేపింది నాన్నా."

"అయితే నా చెవులు బాగానే ఉన్నాయి" అన్నాడు. సంతోషమేమీ లేదు ఆ మాటలో. అప్పుడు నేను ఎడిటర్ అన్నదంతా చెప్పాను, నాలుగో పందెం సంగతి కూడా చెప్పాను. కాలమ్ పోతే నువ్వేమైపోతావోనని చేశాను అన్నాను.

"నాకోసమని అనకు" అన్నాడు. "నన్ను అడిగి ఉంటే, కాలమ్ పోయినా ఆ మూడు వాక్యాలూ ఉంచమనేవాణ్ణి. నువ్వు అడగలేదు. ఏం చెబుతానో తెలిసే అడగలేదు."

తెలిసే అడగలేదు. నిజమే.

మార్చి 21, శనివారం

పొద్దున్నే కాగితం తెచ్చుకోమన్నాడు. ఎప్పట్లాగే చెప్పాడు, కామాలతో సహా.

"తుమ్మెద బాగుందని గతవారం ఈ కాలమ్‌లో వచ్చిన మాట తప్పు. ఆ మాటను నమ్మి ఒక జాకీ బతుకుతెరువు పోగొట్టుకున్నాడు. నాకు రెండేళ్లుగా చూపు సరిగా లేదు. ఆ సంగతి పాఠకుల దగ్గర దాచాను. నాకు కళ్లున్నాయనుకుని ఆ జాకీ నన్ను నమ్మాడు. దాచకుండా ఉంటే ఆ రోజు నేనే నడిచి వెళ్లి ట్రైనర్‌తో చెప్పి ఉండేవాణ్ణి. తప్పు నాది. ఇదే నా చివరి కాలమ్."

"తప్పు నీది కాదు" అన్నాను.

"నా వాటా నాది. రాయి."

రాశాను. కింద ఇంకో రెండు వాక్యాలు నేను కలిపాను. చదివి వినిపించమన్నప్పుడు అవీ చదివాను: "తుమ్మెద కాలు బాగాలేదని, దాన్ని దించవద్దని మా నాన్నగారు స్పష్టంగా చెప్పారు. అది తీసేసి, బాగుందని రాసింది నేను."

కింద వీధిలో కూరగాయల బండి వాడు అరుచుకుంటూ వెళ్లిపోయాడు.

"ఆ రెండూ నా పేరు పైన ఉండకూడదు" అన్నాడు చివరికి. "నా సంతకం ముందు పెట్టు. దాని కింద ఆ రెండు వాక్యాలు రాసి, నీ పేరు పెట్టు. నీ మాటకు నీ పేరు."

ఎడిటర్ రెండుసార్లు చదివాడు. ఇది వేస్తే ప్రూఫ్‌రీడర్‌గా నిన్ను ఉంచలేను, తెలుసుగా అన్నాడు. తెలుసన్నాను.

మార్చి 22, ఆదివారం

అచ్చయింది. పిట్ట ఎవరి చేతనో చదివించుకునేలోపు నేనే వెళ్లాలనుకున్నాను. ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాను. పేపరు వాడి గుండెల మీద పెట్టి, ఇది నువ్వే చదువు అన్నాను.

చదివాడు. మడతపెట్టాడు.

"మొన్న ఇక్కడే నిలబడ్డావు కదక్కా. మాస్టారు తన మీద వేసుకుంటుంటే వింటూ నిలబడ్డావు."

"అవును."

"గుర్రం ఎక్కడం ఒక్కటే వచ్చు నాకు." పేపరు నా వైపు తోశాడు. "మాస్టార్ని పంపించు. నువ్వు రావద్దు."

వాళ్లావిడ నన్ను గుమ్మం దాకా దిగబెట్టలేదు.

ఇంటికి వచ్చి వాడన్నది నాన్నకు చెప్పాను. నాన్న చొక్కా మార్చుకున్నాడు.

"గేటు దాకా దింపు. పైకి ఎవరో ఒకరు తీసుకెళ్తారు" అన్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు నాన్న చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. "మెట్లున్నాయి పెద్దాయనా, కళ్లు కనపడవా?" అని అడుగుతున్నాడు. "కనపడవయ్యా, బొత్తిగా కనపడవు" అంటున్నాడు నాన్న, అందరికీ వినపడేలా.

ఒంటి గంట దాకా గేటు బయట నిలబడ్డాను.